ట్రాఫిక్‌లో హీటెక్కి, హైవే మీద చల్లబడే కారు: హెడ్ దింపే ముందు చూడాల్సినవి

మీ సమస్యను నాకు అర్థమైన మేరకు ముందు చెప్తాను. మీది ఎనిమిదేళ్ళ పెట్రోల్ చిన్నకారు. విజయవాడ బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని కాసేపు ఆగితే టెంపరేచర్ ముల్లు ఎరుపు వైపు పోతోంది. ఏసీ కట్టేసి గుంటూరు రోడ్డెక్కితే మళ్ళీ మధ్యకు వచ్చేస్తోంది. ఇప్పటికే కొత్త రేడియేటర్ వేయించారు, థర్మోస్టాట్ తీయించేశారు, తాళం తిప్పగానే తిరిగేలా ఫ్యాన్‌ను డైరెక్ట్ చేయించారు. అయినా తగ్గకపోయేసరికి హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగమైన హెడ్‌కూ కింది బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పోయిందనీ, హెడ్ దింపాలనీ షెడ్డులో అంటున్నారు. దింపమని చెప్పాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే దింపనివ్వకండి. మీరు రాసినదాంట్లో హెడ్ గ్యాస్కెట్‌ను పట్టిచ్చే లక్షణం ఒక్కటీ లేదు. రేడియేటర్ నుంచి ఫ్యాన్ వైరింగు దాకా చేసిన పనులన్నీ ఊహ మీద చేసినవే, ఏదీ పరీక్ష చేసి తేల్చుకుని చేసింది కాదు. ఆటోనగర్‌లో చాలా ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. హీటింగ్ కంప్లయింటుతో బండి వస్తే పానా పట్టుకునే ముందు అడగాల్సింది ఒకటే: ఎప్పుడు హీటెక్కుతోంది? దానికి ఓనరు సరిగ్గా జవాబు చెప్పగలిగితే సగం పని అయినట్టే. మీరు చెప్పారు.

ఆగి ఉన్నప్పుడు హీటెక్కి, పరుగెత్తితే దిగిపోతోందంటే నూటికి తొంభై పాళ్ళు లోపం గాలి దగ్గరే. బండి ఎనభైలో పోతుంటే గాలి తనంతట తానే రేడియేటర్‌లోంచి దూసుకుపోతుంది, ఫ్యాన్ తిరిగినా తిరగకపోయినా తేడా తెలియదు. ఆగినప్పుడు మాత్రం ఫ్యాన్ లాగినంతే గాలి. ఏసీ వేస్తే రేడియేటర్‌కు ముందున్న కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) కూడా వేడి వదులుతుంది. అంటే రేడియేటర్‌కు చేరే గాలి అప్పటికే వేడెక్కి ఉంటుంది. మే నెల మధ్యాహ్నం బయట 44 డిగ్రీలున్నప్పుడు కండెన్సర్ దాటి వచ్చే గాలికి రేడియేటర్‌ను చల్లబరిచే శక్తి ఎంత మిగులుతుందో ఆలోచించండి. ఆ సమయంలో ఫ్యాన్ కాస్త నీరసంగా తిరిగినా చాలు, ముల్లు లేస్తుంది.

దీనికి తిరగేసినట్టు, ఊళ్ళో బాగానే ఉండి హైవేలో వందకు పోగానే హీటెక్కే బండ్లుంటాయి. అక్కడ గాలికి లోటుండదు, లోటు నీటి ప్రవాహంలో ఉంటుంది. రేడియేటర్ గొట్టాల్లో పొలుసు పేరుకుని ఉండొచ్చు, థర్మోస్టాట్ సగమే తెరుచుకుంటూ ఉండొచ్చు, వాటర్ పంపు రెక్కలు తినేసి ఉండొచ్చు, మెత్తబడిపోయిన కింది హోస్ పైపు పంపు లాగుడుకు లోపలికి ముడుచుకుపోతూ ఉండొచ్చు. పొద్దున్నే సెల్ఫ్ కొట్టిన ఐదు నిమిషాలకే ముల్లు పైకి పోతే థర్మోస్టాట్ మూసుకునే ఉండిపోయిందని గానీ, ఎయిర్ లాక్ (పైపుల్లో గాలి ఇరుక్కుని నీళ్ళు ఆగిపోవడం) అని గానీ అనుమానించాలి. హెడ్ గ్యాస్కెట్ కూడా అప్పుడే అనుమానానికి వస్తుంది. మీది ఈ రెండు రకాల్లోనూ చేరదు.

"ఫ్యాన్ తిరుగుతూనే ఉంది కదా" అని మీరు అనొచ్చు. తిరగడం వేరు, గాలి లాగడం వేరు. ఒక పరీక్ష మీరే చేయండి, ఖర్చు లేదు. బండి ఆపి, ఇంజన్ నడుస్తుండగా ఏసీ వేసి, ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు ముందు గ్రిల్ దగ్గర ఒక నోటుబుక్కు కాగితం పట్టుకోండి. వేళ్ళు గ్రిల్ లోపలికి పోనివ్వకండి, చున్నీ, కండువా లాంటివి దూరంగా ఉంచండి. మీలాంటి చిన్నకార్లలో ఫ్యాన్ రేడియేటర్ వెనక, ఇంజన్ వైపు ఉంటుంది. అది ముందు నుంచి గాలిని లోపలికి లాగాలి. కాగితం గ్రిల్‌కు గట్టిగా అతుక్కుంటే ఫ్యాన్ మంచిది. అతుక్కోకుండా జారిపోతే లాగుడు లేదు. కాగితం మీ వైపు ఎగిరొస్తే మాత్రం ఫ్యాన్ తిరగబడి తిరుగుతోంది.

మీ బండిలో నా మొదటి అనుమానం ఈ చివరిదాని మీదే. డైరెక్ట్ చేసేటప్పుడు కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) కోసేసి రెండు వైర్లు అతికిస్తారు. డీసీ మోటారుకు ప్లస్, మైనస్ మారితే అది చక్కగా, చప్పుడు లేకుండా వెనక్కి తిరుగుతుంది. చూసేవాళ్ళకు ఫ్యాన్ తిరుగుతున్నట్టే ఉంటుంది. కానీ అది ఇంజన్ దగ్గరి వేడి గాలిని కొద్దికొద్దిగా ముందుకు నెడుతూ ఉంటుంది. హైవేలో ఎదురుగాలి దాన్ని మించిపోతుంది కాబట్టి ముల్లు దిగుతుంది. మీరు చెప్పిన లక్షణానికి ఇది అచ్చంగా సరిపోతుంది. అదే అయితే వైర్లు మార్చి కలిపితే చాలు.

దిశ సరిగ్గానే ఉండి లాగుడు లేకపోతే మోటారు చూడాలి. ఎనిమిదేళ్ళకు కార్బన్ బ్రష్‌లు అరిగిపోతాయి, బుష్ లూజవుతుంది, చల్లగా ఉన్నప్పుడు బాగానే తిరిగి వేడెక్కాక నీరసపడుతుంది. ఇంజన్ ఆపి, ఫ్యాన్ కనెక్షన్ తీసేసి, రెక్కను చేత్తో తిప్పి చూడండి. తేలిగ్గా తిరిగి మెల్లగా ఆగాలి. బిగుసుకుని ఉన్నా, పక్కలకు ఊగినా మోటారు మార్చాల్సిందే. కొన్ని బండ్లలో ఫ్యాన్‌కు రెండు స్పీడ్లుంటాయి. తక్కువ స్పీడు కోసం మధ్యలో ఒక రెసిస్టర్ పెడతారు. డైరెక్ట్ చేసినవాళ్ళు కరెంటును ఆ దారిలోనే ఇచ్చి ఉంటే ఫ్యాన్‌కు ఎక్కువ స్పీడు అన్నదే రాదు. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ ష్రౌడ్ ఉందో లేదో కూడా చూడండి. రేడియేటర్ మార్చినప్పుడు క్లిప్పులు విరిగితే దాన్ని తీసి పక్కన పడేసేవాళ్ళున్నారు. ష్రౌడ్ లేకపోతే ఫ్యాన్ తన చుట్టూ ఉన్న గాలినే కలియబెడుతుంది, రేడియేటర్ మూలల్లోంచి గాలి రాదు.

రెండో అనుమానం కండెన్సర్ మీద. రేడియేటర్ కొత్తదే, కానీ దాని ముందున్న కండెన్సర్ ఎనిమిదేళ్ళ పాతది. దాని పలకల సందుల్లో పురుగులు, మట్టి ఇరుక్కుంటాయి. మన దగ్గర ఇంకో రెండు ఉన్నాయి. గుంటూరు వైపు పత్తి లారీల వెనక తిరిగే బండ్లకు పత్తి నూగు పడుతుంది. వరికోతల కాలంలో రోడ్డు మీద ధాన్యం ఎండబోసిన చోట్ల పొట్టూ దుమ్మూ పడతాయి. ముందు నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనిపిస్తుంది, చెత్తంతా కండెన్సర్ వెనక్కూ రేడియేటర్ ముందుకూ మధ్య సందులో దుప్పటిలా పరుచుకుని ఉంటుంది. చీకట్లో ఇంజన్ వైపు నుంచి టార్చి వేసి ముందు నుంచి చూడండి. వెలుతురు అన్నిచోట్లా సమానంగా రావాలి. రాకపోతే ఫ్యాన్ విప్పి, ఇంజన్ వైపు నుంచి ముందుకు మామూలు గొట్టంతో నీళ్ళు కొట్టాలి. వాటర్ సర్వీసింగ్‌లో వాడే ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టనివ్వకండి. అల్యూమినియం రెక్కలు పడుకుండిపోతే శాశ్వతంగా గాలి ఆగిపోతుంది. గ్రిల్ ముందు అదనపు హారన్లు, ఫాగ్ లైట్లు, పెద్ద స్టిక్కర్ బోర్డు లాంటివి బిగించి ఉంటే తీసేయండి. పెళ్ళి ఊరేగింపుల్లో బానెట్ నుంచి గ్రిల్ దాకా పూలదండలు కప్పి, ఏసీ వేసి, నడక వేగంతో గంటసేపు పోనిచ్చే కార్లు హీటెక్కి ఆగిపోవడం కూడా ఈ కోవలోదే. మీ బండిని ఎవరైనా పెళ్ళికి అడిగితే గ్రిల్‌ను వదిలేసి అలంకరించమనండి.

ఇక థర్మోస్టాట్. దీని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే మన షెడ్లలో ఎక్కువ నష్టం చేస్తున్న అలవాటు ఇది. "మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకు, తీసేస్తే చల్లగా ఉంటుంది" అంటారు. థర్మోస్టాట్ అనేది కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) 82 లేదా 88 డిగ్రీలకు చేరేదాకా రేడియేటర్ దారి మూసి ఉంచే వాల్వ్. అది ఎన్ని డిగ్రీలకు తెరుచుకోవాలో దాని మీదే ముద్రించి ఉంటుంది. దాన్ని తీసేస్తే రెండు నష్టాలు. ఒకటి, ఇంజన్ చాలాసేపు చల్లగానే నడుస్తుంది. బండిలోని కంప్యూటర్, ఇంజన్ ఇంకా వేడెక్కలేదనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది, ఆయిల్ పాడవుతుంది, సిలిండర్లు అరుగుతాయి. రెండోది మీకు సంబంధించింది. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ రెండు పనులు చేస్తుంది: రేడియేటర్ దారి తెరిచేటప్పుడు బైపాస్ దారి (రేడియేటర్‌కు పోకుండా తిరిగే అడ్డదారి) మూస్తుంది. మొత్తం తీసేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కూలెంట్‌లో ఒక భాగం రేడియేటర్‌కు పోకుండా ఇంజన్‌లోనే చుట్టూ తిరుగుతూ ఉంటుంది. చల్లబడాలని తీసిన వాల్వ్ వల్లే అసలైన ఎండలో, అసలైన ట్రాఫిక్‌లో ఇంజన్ ఎక్కువ వేడెక్కుతుంది.

కాబట్టి మీ మోడల్‌కు సరిపడే కొత్త థర్మోస్టాట్ వేయించండి. బిగించే ముందు గిన్నెలో నీళ్ళు పోసి, దాన్ని దారంతో వేలాడదీసి, స్టవ్ మీద పెట్టి చూడండి. ముద్రించిన డిగ్రీల దగ్గర కదలడం మొదలై, నీళ్ళు మరిగేసరికి స్పష్టంగా తెరుచుకుని ఉండాలి, దించితే మళ్ళీ మూసుకోవాలి. కొత్తవాటిలో కూడా చెడ్డవి వస్తాయి. బిగించేటప్పుడు దాని అంచున చిన్న పిన్ను కదులుతూ ఉంటే అది పైకి వచ్చేలా పెట్టాలి. గాలి బయటికి పోవడానికే ఆ పిన్ను.

ఫ్యాన్‌ను కూడా డైరెక్ట్ తీసేసి పాత పద్ధతికి తీసుకురండి. కూలెంట్ 95 నుంచి 100 డిగ్రీల మధ్యకు రాగానే సెన్సర్ చెప్తే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) ఫ్యాన్‌ను తిప్పాలి, కొద్దిగా దిగగానే ఆపాలి. ఏసీ వేస్తే వెంటనే తిరగాలి. తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే చూడండి. చాలా బండ్లలో హారన్ రిలే, ఫ్యాన్ రిలే ఒకే రకం ఉంటాయి, ఒకదాని చోట ఒకటి పెట్టి చూస్తే నిమిషంలో తేలుతుంది. ఎప్పుడూ తిరిగే ఫ్యాన్ మోటారు తొందరగా అరుగుతుంది, సన్నని వైరుతో అతికించిన డైరెక్ట్ కనెక్షన్ కాలిపోయే ప్రమాదమూ ఉంది.

రేడియేటర్ క్యాప్ ఎవరూ పట్టించుకోరు. ప్రెషర్ కుక్కర్ వెయిట్ ఎలాగో ఇదీ అలాగే. దాని మీద 0.9 అనో 1.1 అనో రాసి ఉంటుంది, అది బార్‌లలో (ఒత్తిడి కొలత) చెప్పిన ఒత్తిడి, అంత దాకా మూత పట్టి ఉంచాలి. ఒక బార్ ఒత్తిడిలో మామూలు నీళ్ళే 120 డిగ్రీల దాకా మరగవు, సగం కూలెంట్ కలిపితే 130కి దగ్గరగా పోతుంది. రబ్బరు ఎండిపోయిన క్యాప్ ఒత్తిడిని పట్టదు, నూరు డిగ్రీలు దాటగానే లోపల నీళ్ళు మరిగి రిజర్వ్ ట్యాంకులోంచి బయటికి పొంగుతాయి. చల్లారాక పై హోస్ పైపు పీల్చుకుపోయి నొక్కుకుపోయినట్టు కనిపిస్తే క్యాప్‌లోని వెనక్కి లాగే వాల్వ్ ఇరుక్కుందని అర్థం. కొత్త రేడియేటర్‌కు పాత క్యాపే పెట్టారేమో చూడండి. కొన్ని వందల రూపాయల వస్తువు, అనుమానం ఉంటే అదే నంబరుది మార్చేయండి.

నీళ్ళ విషయం. ప్రకాశం, నల్గొండ వైపు బోరు నీళ్ళు రేడియేటర్‌లో పోస్తే కొన్నాళ్ళకు లోపల తెల్లటి పొలుసు కడుతుంది, అది కొత్త రేడియేటర్‌నైనా మూసేస్తుంది. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటరే వాడాలి. కూలెంట్ డబ్బా మీద చదవండి: కొన్ని కలిపి అమ్మేవి, నేరుగా పోయాలి. కొన్ని చిక్కటివి, డిస్టిల్డ్ వాటర్‌తో కలపాలి. రంగు ఒకటే కదా అని రెండు రకాలు కలపకండి, రంగు రకానికి గుర్తు కాదు. మీ మాన్యువల్లో చెప్పిన రకమే పోయండి. కూలెంట్ విషం, పైగా తియ్యగా ఉంటుంది. తీసినదాన్ని నేల మీద వదిలేస్తే కుక్కలు, పిల్లులు నాకి చచ్చిపోతాయి. పిల్లలకు అందని చోట, మూత ఉన్న డబ్బాలో పెట్టండి.

కొత్తగా నింపాక గాలి తీయడం ముఖ్యం. బండి ముందు భాగం కాస్త ఎత్తులో ఉండేలా నిలపండి. లోపల హీటర్ నాబ్‌ను పూర్తిగా వేడి వైపు తిప్పండి. క్యాప్ తీసి మెల్లగా పోస్తూ, పై హోస్ పైపును చేత్తో నొక్కి వదులుతూ ఉంటే బుడగలు వస్తాయి. ఇంజన్ నడిపి, ఇంకా వేడెక్కకముందే రేడియేటర్ మెడ (క్యాప్ బిగించే మూతి) దాకా నింపి క్యాప్ బిగించండి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడపండి. పూర్తిగా చల్లారాక మళ్ళీ చూసి నింపండి. సీఎన్‌జీ కిట్ ఉన్న బండ్లలో రెడ్యూసర్‌కు (గ్యాసు ఒత్తిడి తగ్గించే భాగం) వేడి కూలెంట్ పైపు పోతుంది. ఆ టీ జాయింట్ల దగ్గర లీకులూ, ఎయిర్ లాకూ మామూలే. మీకు కిట్ ఉంటే అక్కడ ప్రత్యేకంగా చూడండి.

ఇవన్నీ అయ్యాక ముల్లును నమ్మి పరీక్షించకండి. చాలా కార్లలో ముల్లును కావాలనే మధ్యలో నిలిచేలా చేస్తారు, 85 అయినా 100 అయినా అది కదలదు. అది కదిలిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. చవకగా దొరికే ఓబీడీ (బండి కంప్యూటర్ రీడింగులు చూపే సాకెట్) బ్లూటూత్ అడాప్టర్ పెట్టి, ఫోన్‌లో కూలెంట్ డిగ్రీలు చూడండి. మధ్యాహ్నం ఏసీ వేసి అరగంట నిలబెట్టండి. 90కీ 100కీ మధ్య పైకీ కిందికీ ఆడుతూ ఉంటే మీ సమస్య తీరింది. 105 దాటి ఎక్కుతూనే ఉంటే ఇంజన్ రేసింగ్‌ను కాసేపు 2000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర పట్టి చూడండి. అప్పుడు దిగితే గాలి కాదు, వాటర్ పంపు నీరసం. పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది, అక్కడ తడి గానీ కూలెంట్ ఎండిన మరక గానీ ఉంటే పంపు సీలు పోయినట్టే. మీ ఇంజన్‌లో పంపు టైమింగ్ బెల్టు మీద నడిచే రకమైతే బెల్టూ పంపూ కలిపి మార్చండి, మళ్ళీ విప్పే కూలీ మిగులుతుంది.

హెడ్ గురించి చెప్పకుండా ముగించలేను. గ్యాస్కెట్ పోయిందని ఎవరన్నా అంటే, రుజువు చూపించమని మర్యాదగా అడగండి. అడగడం మీ హక్కు. రేడియేటర్ మెడ దగ్గర పెట్టే పరీక్ష గొట్టం ఉంటుంది, అందులో నీలం రంగు ద్రవం. ఇంజన్ మంట వాయువు కూలెంట్‌లోకి వస్తుంటే అది పసుపు రంగుకు మారుతుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే హోస్ రాయిలా గట్టిపడటం, బయట ఎక్కడా చుక్క కారకుండానే కూలెంట్ తగ్గుతూ ఉండటం, వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లటి పొగ, డిప్‌స్టిక్ మీద పాలు కలిపిన కాఫీ రంగు ఆయిల్, ఇవీ గుర్తులు. ఆయిల్ మూత కింద మాత్రమే కొద్దిగా తెల్లటి నురుగు ఉంటే దాన్ని రుజువుగా తీసుకోకండి, దగ్గర దూరాలే తిరిగే బండ్లలో తేమ వల్ల అది వస్తుంది. నిజంగా హెడ్ దింపాల్సి వస్తే గ్యాస్కెట్ మార్చి మూసేయడం పని కాదు. హెడ్ మీద స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని ఇనుప బద్ద) పెట్టి ఫీలర్ గేజితో (సన్నని సందులు కొలిచే రేకులు) వంపు కొలవాలి. చాలా ఇంజన్లకు 0.05 మి.మీ. దాటితే ఫేసింగ్ (మిషను మీద చదును చేయడం) చేయించాలి. పగుళ్ళ కోసం ప్రెషర్ టెస్టు చేయించాలి. సాగే రకం బోల్టులైతే కొత్తవి వేసి, మాన్యువల్లో ఇచ్చిన వరసలో టార్క్ రెంచ్‌తో బిగించాలి. ఇవి చేస్తామని ముందే ఒప్పించుకోండి.

ఈ పరీక్షలయ్యేదాకా బండి తీయక తప్పకపోతే, ముల్లు మధ్య నుంచి కదలగానే ఏసీ కట్టేసి, అద్దాలు దించి, హీటర్ పూర్తి వేడిలో, బ్లోయర్ పూర్తి స్పీడులో పెట్టండి. ఉక్కపోతగా ఉంటుంది, కానీ ఇంజన్ వేడిలో కొంత అలా బయటికి పోతుంది. ఎరుపును తాకితే పక్కకు తీసి ఇంజన్ ఆపేయండి. అర కిలోమీటరే కదా అని లాగితే అప్పుడు నిజంగానే హెడ్ వంగుతుంది. ఎరుపు దాకా వెళ్ళిన ముల్లు ఒక్కసారిగా కిందికి పడిపోతే సంతోషించకండి. కూలెంట్ అంతా కారిపోయి సెన్సర్ గాలిలో ఉందన్నమాట. కనీసం ముప్పావు గంట చల్లారే దాకా క్యాప్ ముట్టుకోకూడదు, ముఖం చేతులు కాలిపోయిన వాళ్ళను చూశాను. చల్లారాక కూడా దళసరి తడిగుడ్డ వేసి, మొదటి మెట్టు దాకా తిప్పి ఒత్తిడి పోనిచ్చి తర్వాతే తీయండి. వేడి ఇంజన్ మీద గానీ, లోపల గానీ చల్లటి నీళ్ళు పోయకండి, హెడ్ పగులుతుంది. తిరుమల ఘాట్ ప్రయాణం ఏదైనా అనుకుంటే ఇది తేలేదాకా వాయిదా వేయండి. నెమ్మది వేగం, నిండు బరువు, ఎక్కుడు మూడూ కలిసే చోట నీరసపు ఫ్యాన్ మిమ్మల్ని ఆపేస్తుంది.

రేపు పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు, ముందు క్యాప్ తీసి కూలెంట్ చూడండి, తర్వాత ఇంజన్ నడిపి కాగితం పరీక్ష చేయండి. కాగితం ఎటు పోయిందో, కండెన్సర్ సందులో ఏం కనిపించిందో, మెడ దాకా కూలెంట్ ఉందో లేదో, ఈ మూడూ రాస్తే తర్వాత ఏం చేయాలో చెప్తాను. కొత్త కూలెంట్ నింపిన వారం తర్వాత లెవెల్ ఒకసారి చూసుకోండి. మిగిలిన గాలి బయటికి వచ్చి కొద్దిగా తగ్గడం మామూలే, ఒకసారి నింపితే ఆగిపోవాలి. ప్రతి వారం తగ్గుతూ ఉంటే ప్రెషర్ టెస్టర్‌తో ఒక బార్ దాకా పంపు కొట్టించి, పావుగంట పాటు సూది దిగుతుందేమో చూపించమనండి.